కనకవల్లి కలపని జతలు

తొండియార్‌పేట ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర కనకవల్లి ఇరవై ఆరేళ్లు కూర్చుంది. కిటికీ ముందుకొచ్చిన మనిషి నోరు తెరిచేలోపే ఆమె సగం చీటీ రాసేసేది. ఎవరి కూతురు, ఏ వీధి, పోయినసారి ఏ జబ్బుతో వచ్చారు, ఏ మందు పడదు, ఇవన్నీ ముఖం చూడగానే ఆమెకు గుర్తొచ్చేవి. నాలుగైదు తరాల కిందట నెల్లూరు వైపు నుంచి రేవు పనులకొచ్చి అక్కడే పాతుకుపోయిన కుటుంబం ఆమెది. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, ఆసుపత్రి కాగితాల మీద ఇంగ్లీషు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. కూతురు రంజని పెరంబూరులో బడిలో పాఠాలు చెబుతుంది.

ఆమె పనిలోని చిక్కు బయటివాళ్లకు తెలియదు. ఆ పేటలో ఇంటిపేర్లు వాడరు. తండ్రి పేరులో మొదటి అక్షరం, తర్వాత తన పేరు, అంతే. ఒక్క వీధిలోనే ముగ్గురు ఎం. కన్నియప్పన్‌లు తేలతారు. పుట్టినరోజు అడిగితే పెద్దవాళ్లలో సగం మంది జూన్ ఒకటి అంటారు. బడిలో చేర్చుకున్న అయ్యవారు బడి తెరిచిన రోజునే రాసేసి ఉంటాడు. ఇంటి నంబరు అడిగితే రెండు చెబుతారు, పాతదొకటి, కొత్తదొకటి. ఫోను నంబరంటే చాలామందికి వీధి చివర కొట్టువాడిదే. అందుకని కనకవల్లి తన కంప్యూటరులో అడుగున ఉండే ‘ఇతర వివరాలు’ అనే గడిని సొంతానికి వాడుకునేది. ‘చేపల లూర్దు. ఎడమ చేతి మీద కాలిన మచ్చ. షుగర్ ఉన్న లూర్దుమేరి ఈమె కాదు.’ ఇలా వేల మంది గురించి ఆ గడిలో రాసిపెట్టింది. కొత్తగా చేరిన నర్సులు కూడా ముందు ఆ గడి చదివి, తర్వాతే మిగతాది చూసేవాళ్లు.

ఆ ఆసుపత్రికి రాయపురంలోనూ పురసవాక్కంలోనూ శాఖలున్నాయి. మూడు చోట్లా మూడు రకాల కంప్యూటర్లు, రక్తపరీక్షలకు ఒకటి, మందుల కొట్టుకు మరొకటి. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. కిందటేడు వేసవిలో యాజమాన్యం వాటన్నిటినీ కలిపేయాలని నిశ్చయించింది. కనకవల్లిని పురసవాక్కంలో ఉన్న పెద్దాఫీసుకు రమ్మన్నారు. జవుళి కొట్ల సందడి పైన మూడో అంతస్తు. అక్కడ పరిపాలన చూసే సీతారామారావు, ఆ కొత్త ఏర్పాటు పెట్టడానికి వచ్చిన అనిరుధ్ కూర్చున్నారు. సీతారామారావుది రాజమండ్రి, మద్రాసు వచ్చి ఆరేళ్లు. అనిరుధ్‌ది గుంటూరు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, మెడలో పట్టీకి వేలాడే కార్డు.

“ఇది క్లౌడ్‌లో నడిచే ప్లాట్‌ఫామ్ అండీ,” అన్నాడు అనిరుధ్. “అన్ని చోట్ల నుంచీ డేటా తెచ్చుకుంటుంది. ఒకే మనిషి అయిదు చోట్ల అయిదుగురిలా నమోదై ఉంటే కలిపి ఒక్కరిని చేస్తుంది. ఏ వివరానికి ఎవరు బాధ్యులో అది కూడా రాసిపెడుతుంది.”

“ఆ ఐదుగురూ నిజంగా ఐదుగురే అయితే నాయినా?” అంది కనకవల్లి.

అనిరుధ్ నవ్వాడు. “అందుకేనండీ మిమ్మల్ని పిలిచింది.”

ఆమెకు కొత్త పేరు పెట్టారు, డేటా స్టీవార్డ్, అంటే రోగుల వివరాలకు బాధ్యురాలు, అని. పేరు రాసిన కార్డు కూడా ఇచ్చారు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చిన రంజని దాన్ని చూసి అరవంలో ఏదో అని నవ్వింది. విమానంలో కాఫీలందించే ఉద్యోగం కదా అది అని ఆమె భావం. కనకవల్లి కూడా నవ్వింది. కానీ కార్డును పూజగదిలో అమ్మవారి పటం పక్కన పెట్టింది. ఇరవై ఆరేళ్లలో కిటికీ వెనక నుంచి ఇవతలికి రావడం ఆమెకు అదే మొదలు.

పెద్దాఫీసులో ఆమె పని ఇలా ఉండేది. ప్లాట్‌ఫామ్ ఇద్దరు మనుషుల వివరాలు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒక్కరే అనడానికి నూటికి ఇన్ని మార్కులు అని చూపేది. తొంభై అయిదు దాటితే తనంతట తనే కలిపేసేది. ఎనభై నుంచి తొంభై అయిదు లోపువి కనకవల్లి ముందుకొచ్చేవి. కలపమంటే ఒక బొత్తాం, వద్దంటే మరొకటి. మొదటి రోజు ఆమె వరసలో తొమ్మిది వేల రెండు వందల పద్నాలుగు జతలు ఉన్నాయి.

ఆమె రోజుకు నూరు, నూటయాభై జతలు చూసేది. అనుమానం వస్తే ఫోను చేసేది. ఫోను పలకకపోతే ఇంటికి పోతూ దారిలో దిగి, గుమ్మం దగ్గర అడిగి వచ్చేది. వారం తిరిగేసరికి ఒక సంగతి తేలింది. ప్రతి ఆరు జతల్లో ఒకటి ఇద్దరు వేర్వేరు మనుషులు. అక్కాచెల్లెళ్లు, తోడికోడళ్లు, ఒకే పేరున్న తాతా మనవడు. ప్లాట్‌ఫామ్ మాత్రం వాళ్లకు తొంభై, తొంభై రెండు మార్కులు వేసి కూర్చుంది.

ఆమె ఇది చెప్పబోతే సీతారామారావు గడియారం చూసుకున్నాడు.

“కనకవల్లిగారూ, ఒకటో తారీకుకల్లా బీమా కంపెనీలకు శుభ్రమైన రికార్డులు చూపిస్తామని మాటిచ్చాం. మీ వేగంతో పోతే ఇంకా రెండు నెలలు పడుతుంది.”

“మనిషిని మనిషిలో కలిపేది సారూ. పప్పులో ఉప్పు కలిపేది కాదు గదా.”

“ఒకటీ అరా తప్పుంటే తర్వాత విడదీసుకోవచ్చు. దానికీ ఏర్పాటుంది,” అన్నాడాయన. అనిరుధ్ తన ల్యాప్‌టాప్‌లోకి చూస్తూ ఉండిపోయాడు.

అది శుక్రవారం. శనివారం, ఆదివారం కనకవల్లి పెరంబూరులో కూతురింట్లో ఉంది. సోమవారం వచ్చి కంప్యూటరు తెరిస్తే వరసలో ఒక్క జత కూడా లేదు. పొరపాటున వేరే పేజీ తెరిచానేమోనని మూసి మళ్లీ తెరిచింది. సున్నా. పక్క గదిలో మైసూరుపాకు పంచుతున్నారు. ఎవరో ఆమె చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. అది చేతిలోనే ఉండగా ఆమె అనిరుధ్ బల్ల దగ్గరికి వెళ్లింది.

“ఎనిమిది వేల చిల్లర ఉన్యాయే నాయినా. ఏడికి పోయినాయి?”

అనిరుధ్ నీళ్లు నమిలాడు. “కట్ ఆఫ్ మార్చమన్నారండీ. తొంభై అయిదు కాస్తా ఎనభై చేశాం. శనివారం ఒక్క విడతలో అన్నీ కలిసిపోయాయి.”

“నేను రాసిపెట్టిన గడి చూసినా కలిపిందా? ‘ఈమె కాదు, ఆమె వేరే’ అని రాసుండానే.”

“ఆ గడి తీసుకోలేదండీ. ఎవరికి తోచింది వాళ్లు రాసుకునే చోటు కదా, అలాంటివి గవర్నెన్స్ రూలు ప్రకారం వదిలేస్తాం. పైగా రెండు రికార్డులు కలిసినప్పుడు వివరాలు తేడాగా ఉంటే, ఆఖర్న రాసినదాన్నే ఉంచుతుంది.”

“అంటే ముందు రాసింది?”

“కనబడదండీ. పాత సర్వర్లలో ఉంటుంది. వాటిని నెలాఖరుకి తుడిచేస్తారు.”

కనకవల్లి చేతిలోని మైసూరుపాకు కరిగి వేళ్లకు అంటుకుంది. ఆ రోజు నుంచి ఆమెకు ఒక భయం పట్టుకుంది. ఎక్కడో, ఎవరికో, ఏదో జరగబోతోంది. అది ఎవరికో ఆమెకు తెలియదు. ఆసుపత్రి తలుపు తోసుకుని వచ్చే ప్రతి ముఖాన్నీ, ఈమె ఇప్పుడు ఈమేనా, ఇంకెవరిలోనైనా కలిసిపోయిందా అన్నట్టు చూసేది.

మూడో వారంలో లూర్దుమేరి వచ్చింది. రాయపురం రేవు దగ్గర చేపలమ్మే మనిషి. వేలు తెగి కుట్లు వేయించుకుని, మందులు తీసుకుని వెళ్లి రెండు రోజులయింది. కనకవల్లి ఆ పూట తొండియార్‌పేట శాఖకు వచ్చిందని తెలిసి వెతుక్కుంటూ వచ్చి అరవంలో అంది, “అక్కా, ఈసారి ఇచ్చిన మాత్రలు వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయి. పొద్దున గంప ఎత్తుకోబోయి పడిపోయాను.”

సంచీలో చూస్తే తెగిన వేలికి ఇచ్చిన మాత్రలతో పాటు షుగర్ మాత్రలున్నాయి, పెద్ద మోతాదువి. ఈ లూర్దుకు షుగర్ లేదు. ఆ రెండో లూర్దుమేరికి ఉంది. మందుల కొట్టులో కంప్యూటరు ఇద్దరినీ ఒకరిగా చూపింది. కొట్టులోని పిల్ల నెలవారీ మందులు కూడా ఇచ్చేసింది. లూర్దుకు చదువు రాదు. ఇచ్చినవన్నీ మింగింది.

కనకవల్లి ఆమెకు అక్కడికక్కడే చక్కెర నీళ్లు తాగించి, డాక్టరుకు చూపించి, పురసవాక్కం బస్సెక్కింది.

సీతారామారావు అంతా విన్నాడు. “ఆమెకిప్పుడు ఎలా ఉంది?”

“బాగానే ఉండాది. చూసినా గాబట్టి.”

“మరింకేం. విడదీయమని రిక్వెస్టు పెట్టండి. మూడు పనిదినాల్లో అయిపోతుంది.”

“ఒక లూర్దును విడదీస్తే సరిపోదు సారూ. శనివారం కలిపినవన్నీ ఎనక్కి తియ్యాల. లేదా నేను రాసుకున్న ఆ గడినైనా తుడిచే లోపల నాకు ఇప్పించండి. నేను కూచోని చూసుకుంటాను, జీతం గూడా అడగను.”

“ఎనిమిది వేలల్లో ఒకటి తప్పు పోయింది. ఏ ఆసుపత్రిలోనైనా ఇంతకంటే మంచి లెక్క చూపించండి నాకు,” అన్నాడాయన. “మీరు కొంచెం భయస్తులు. కీడెంచి మేలెంచాలంటారు, నిజమే. కానీ ఎప్పుడూ కీడే ఎంచుతూ కూర్చుంటే పని సాగదు.”

కనకవల్లి ఉత్తరం రాసి ఇచ్చింది. జవాబు లేదు. మరో ఉత్తరం రాసింది. అనిరుధ్‌ను బతిమాలింది. అనుమతి తన చేతుల్లో లేదన్నాడు. నెలాఖరు రోజు మధ్యాహ్నం తొండియార్‌పేట శాఖ వెనక గదిలో ఎన్నో ఏళ్లుగా గుయ్‌మంటూ నడిచిన పాత సర్వరు పెట్టె ఆగిపోయింది. ఆ మోత ఉన్నంతకాలం ఎవరికీ వినిపించలేదు. ఆగిన తర్వాత అందరూ ఒక్కసారి తలెత్తి చూశారు.

మరుసటి నెల ఆరో తారీకు ఉదయం, చనిపోయినవాళ్ల జాబితా ఆమె కంప్యూటరులోకి వచ్చింది. ప్రతి పేరు పక్కన వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం కొత్త ఉద్యోగంలో భాగం. అయిదో పేరు ఎం. ఆదిమూలం. తొండియార్‌పేట, ఇరవై ఏడో నంబరు ఇల్లు. కాలి పుండు చీము పట్టి, జ్వరంతో ముందు రోజు వచ్చాడు. పెన్సిలిన్ సూది వేసిన ఇరవై నిమిషాలకు పోయాడు. గుండె ఆగడం వల్ల, అని రాసి ఉంది.

ఆ వీధి ఆమెకు తెలుసు. ఆ వీధిలో పాత ఇరవై ఏడు ఒక ఇల్లు, కొత్త ఇరవై ఏడు పద్నాలుగు ఇళ్ల అవతల మరో ఇల్లు. పాత ఇరవై ఏడులో ఉండే ఆదిమూలం రేవులో బరువులు మోసి రిటైరైన మనిషి. పన్నెండేళ్ల కిందట పెన్సిలిన్ సూది పడక నోరూ గొంతూ వాచి, చావు దాకా వెళ్లి బయటపడ్డాడు. ఆ రోజు ఎర్ర అక్షరాలతో అది నమోదు చేసింది కనకవల్లే.

ఆమె రికార్డు తెరిచింది. ‘పడని మందులు: లేవు’ అని పచ్చ రంగులో ఉంది. ఆ కింద, ఇది రెండు రికార్డులు కలిసినది అన్న గుర్తు. ఇద్దరూ ఎం. ఆదిమూలాలే. ఇద్దరి పుట్టినరోజూ జూన్ ఒకటే. ఇద్దరూ ఎప్పుడో ఇచ్చిన ఫోను నంబరు ఒకే కొట్టుది. మార్కులు తొంభై ఒకటి. కొత్త ఇరవై ఏడులోని ఆదిమూలం పోయిన చలికాలంలోనే దగ్గుకు వచ్చి వెళ్లాడు కాబట్టి అతనివే ఆఖరి వివరాలు. అతనికి పడని మందులు లేవు. పన్నెండేళ్ల కిందటి ఎర్ర అక్షరాలను ఆ పచ్చ అక్షరాలు మింగేశాయి. జ్వరంలో మాట పడిపోయిన మనిషి తనకేది పడదో చెప్పలేకపోయాడు.

ఇంకాస్త కిందికి చూసింది. కలపడానికి ఆమోదం తెలిపినవారు, అన్న చోట ఒక పేరుంది. కె. కనకవల్లి. శనివారం, ఉదయం పదకొండు గంటల పన్నెండు నిమిషాలు.

ఆ పూట ఆమె పెరంబూరులో మనవరాలికి తల దువ్వుతోంది.

వేరే జత తెరిచింది. కె. కనకవల్లి. ఇంకొకటి. కె. కనకవల్లి. లూర్దుమేరిది తెరిచింది. అక్కడా ఆమె పేరే, అదే నిమిషం. తెరిచిన ప్రతి జత కిందా ఆమె పేరు నిలబడి ఉంది.

అనిరుధ్‌ను మెట్ల దగ్గర పట్టుకుంది. అతని ముఖంలో రక్తం లేదు. ఆదిమూలం సంగతి అతనికి అప్పటికే తెలుసని ఆమెకు అర్థమైంది.

“నా పేరు ఎవురు పెట్టినారు?”

“రూలు ప్రకారం మనిషి ఆమోదం లేకుండా అంత పెద్ద విడత నడవదండీ. స్టీవార్డ్ ఐడీ ఉండాలి. మీ ఐడీ మీద నడపమన్నారు.”

“నన్ను అడగాలని అనిపించలేదా నాయినా?”

“అనిపించిందండీ,” అన్నాడు అనిరుధ్. “అడిగితే మీరు ఒప్పుకోరని కూడా తెలుసు.”

మర్నాడు సీతారామారావు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, ఒక కాగితం ముందు పెట్టాడు. రోగుల వివరాలకు బాధ్యురాలిగా తాను ఆసుపత్రి నిర్ణయించిన పద్ధతులన్నీ పాటించానని ఆమె రాసిచ్చినట్టు అందులో ఉంది.

“ఇందులో మీకు పోయేదేం లేదు. సంతకం పెడితే ఇక్కడితో ఆగుతుంది. డాక్టరు గుండె జబ్బని రాశాడు. వాళ్లింట్లోవాళ్లు కూడా అలాగే అనుకుంటున్నారు. ఎవరితోనూ ఏమీ అనకండి. మీ మంచికే చెబుతున్నాను. రేపు ఎవరైనా తవ్వితే మొదట బయటపడేది నా పేరు కాదు.”

ఆయన గొంతు పెంచలేదు. అందుకే ఆమెకు మరింత భయం వేసింది. ఆలోచించుకుంటానని చెప్పి కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. రంజనికి కూడా చెప్పలేదు. బస్సులో ఎవరైనా తనను తేరిపార చూస్తే వాళ్లకు సంగతి తెలిసిపోయిందేమో అనిపించేది. సంతకం పెట్టేస్తే ఏమవుతుంది? పెట్టకపోతే ఏమవుతుంది? రెండు విధాలా ఆదిమూలం రాడు. కానీ మిగతా ఎనిమిది వేల జతలు అలాగే ఉన్నాయి. వాటిలో ఆరో వంతు అంటే పదమూడు వందల పైచిలుకు. అంతమంది రేపో ఎల్లుండో ఏదో జ్వరంతో, ఏదో గాయంతో ఆసుపత్రికి వచ్చి, వేరేవాళ్ల ఒంటి వివరాలతో వైద్యం చేయించుకోబోతున్నారు. అయిదో రోజు ఉదయం తలస్నానం చేసి, ఆ వీధికి నడిచింది.

పాత ఇరవై ఏడు ముందు టెంకాయ ఆకుల పందిరి ఇంకా విప్పలేదు. ఆదిమూలం భార్య భువనేశ్వరి అరుగు మీద కూర్చుని ఉంది. కనకవల్లిని చూడగానే గుర్తుపట్టింది.

“దా అక్కా, కూచో. ఆస్పత్రిలో నువ్వున్యావని ఆయనకు ధైర్యం. ఆ పొద్దు నువ్వు కిటికీ కాడ లేకపోతివి.”

కనకవల్లి ఆమె పక్కన కూర్చుంది. “సూది ఎయ్యంగానే పోయినాడా, కొంచెం సేపు ఉన్యాడా?”

“టోకెన్ కోసరం నేను కిందికి పోయినా. వచ్చేసరికి మూతి అంతా ఉబ్బిపోయి ఉండాది. ముందొకసారి ఇట్లే అయింది గదా అని అడిగినా ఆ నర్సు పాపను. కంప్యూటర్లో ఏమీ లేదే అవ్వా, ఇది గుండె అనింది.” ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. “సరి, గుండేలే అనుకున్యాం. మనకేం తెలుసు.”

“గుండె కాదు భువనా,” అంది కనకవల్లి.

తర్వాత అంతా చెప్పింది. ఏమీ దాచలేదు. ఇద్దరు ఆదిమూలాలు ఒక్కరైపోయిన సంగతి, ఎర్ర అక్షరాలు చెరిగిపోయిన సంగతి, కింద తన పేరున్న సంగతి. తను కలపలేదని ఒక్కసారే చెప్పింది, రెండోసారి చెప్పలేదు. భువనేశ్వరి కళ్లార్పకుండా విన్నది. అరవలేదు. తిట్టలేదు.

“ఏ ఆదిమూలంతో కలిపింది అక్కా అది?”

“కొత్త ఇరవై ఏడు. ఇస్త్రీ బండి పెట్టుకోని ఉంటాడే.”

“ఆయనా?” అంది భువనేశ్వరి. “ఆయనే గదా అక్కా మా ఆయన పాడె మోసింది. ముందు పక్క కుడి భుజం ఆయనదే. ఇద్దరూ వేరే అని ఈ వీధిలో నడక రాని బిడ్డ గూడా చెప్తుందే. అడిగినారా ఎవురైనా?”

కనకవల్లి మిగిలిన ఒక్క మాటా చెప్పింది. “ఇప్పుడు ఆడ ఆయన గూడా చనిపోయినట్టే ఉండాది. ఇద్దరికీ ఒకే రికార్డు గదా.”

భువనేశ్వరి లేచింది. ఇంట్లోంచి బయటికి రాకూడని రోజులవి. ఆమె అదేం చూడలేదు. కొంగు తల మీదికి లాక్కుని వీధిలోకి దిగింది. కనకవల్లి వెనకే నడిచింది.

వేపచెట్టు కింద ఇస్త్రీ బండి దగ్గర ఆదిమూలం బొగ్గుల పెట్టె ఊదుతున్నాడు. బక్కపలచని మనిషి, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. భువనేశ్వరిని చూసి కంగారుగా చేతులు తుడుచుకున్నాడు.

“నువ్వెందుకొచ్చినావమ్మా, పిలిస్తే నేనే వస్తును గదా.”

“నీకేమన్నా ఆస్పత్రి పని ఉండాదాన్నా?”

“ఉండాది. నిన్న పోయినా దగ్గు మందుకు. కార్డు గీకి చూసి ఏందో గుసగుసలాడుకున్యారు. ఇది చెల్లదు పో అన్యారు. ఎందుకని అడిగితే పెద్దాఫీసుకు పొమ్మంటారు.” అతను ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. “ఏమైంది?”

కనకవల్లి అతనికీ చెప్పింది. ఈసారి ఇంకా కష్టమైంది. ఆదిమూలం ఇస్త్రీ పెట్టెను పక్కనున్న రాతి మీద పెట్టాడు. తన ఒంటి సంగతులు ఆ మనిషి ఒంటికి అంటగట్టి చంపేశారన్న మాట అతనికి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కిన తర్వాత భువనేశ్వరి వైపు చూడలేక తల దించుకున్నాడు, తప్పు తనదే అయినట్టు.

“నువ్వు చేసిందేముందన్నా,” అంది భువనేశ్వరి. “నీకు మాత్రం తెలుసునా?”

ఆ మధ్యాహ్నం ముగ్గురూ భువనేశ్వరి ఇంటి అరుగు మీద కూర్చుని ఆరోగ్యశాఖకు ఫిర్యాదు రాశారు. కనకవల్లి చెప్పింది, వీధి చివర ఉండే ప్రభాకరన్ అనే ప్లీడరు గుమస్తా అరవంలో రాశాడు. సాక్షి అన్న చోట కనకవల్లి తన పేరు, తన చేత్తో రాసింది. సీతారామారావు ఇచ్చిన కాగితాన్ని సంతకం లేకుండానే దానికి జత చేసింది.

తర్వాత జరిగినవి త్వరత్వరగా జరిగాయి. ఆసుపత్రి కనకవల్లిని పనిలోంచి తీసేసింది. రహస్యంగా ఉంచాల్సిన వివరాలు బయటపెట్టిందని కారణం చూపింది. ఆమోదం తెలిపింది ఆవిడే, రికార్డు చూసుకోండి అని విచారణలో వాళ్ల వకీలు చెప్పాడు. ప్లాట్‌ఫామ్ కూడా అదే చూపింది. ప్రతి జత కిందా పేరు, తేదీ, నిమిషంతో సహా ఉంది. అంత శుభ్రమైన సాక్ష్యం తామెప్పుడూ చూడలేదన్నట్టు అధికారులు ఆ కాగితాలు తిప్పారు. ఒక నెల పాటు ఆ పేటలోనే కొందరు కనకవల్లిని చూసి ముఖం తిప్పుకున్నారు.

అనిరుధ్‌ను అప్పటికే పూణె పంపేశారు. వెళ్లిన మూడో వారంలో అతని దగ్గర నుంచి ఆమె ఫోనుకు ఒక మెయిలు వచ్చింది. పైన తన మాటగా ఒక్క ముక్క కూడా రాయలేదు. ‘స్టీవార్డ్ ఐడీతో నడిపేయండి, ఆవిడకు సోమవారం నేను చెబుతాను’ అని సీతారామారావు ఆ శుక్రవారం సాయంత్రం అతనికి రాసింది, అంతే. అది విచారణకు చేరిన తర్వాత అనిరుధ్ ఉద్యోగం కూడా పోయిందని ఎవరో అన్నారు. కనకవల్లి ఫోను చేస్తే ఆ నంబరు పలకలేదు.

మెయిలుతో ఆమె మీది నింద తొలగింది. భువనేశ్వరి కేసు నిలబడింది, ఇంకా నడుస్తోంది. సీతారామారావు రాజీనామా చేశాడు. ఆసుపత్రి కట్ ఆఫ్‌ను మళ్లీ తొంభై అయిదుకు పెంచింది. ఇస్త్రీ ఆదిమూలం బతికే ఉన్నాడని రాయించుకోవడానికి నాలుగు నెలలు తిరిగాడు. చివరికి కొత్త నంబరుతో కొత్త మనిషిగా నమోదు చేశారు. అతని పాత జబ్బులన్నీ ఆ చనిపోయిన రికార్డులోనే ఉండిపోయాయి.

కలిసిపోయినవి మాత్రం కలిసిపోయినట్టే ఉన్నాయి. పాత సర్వర్లు లేవు కాబట్టి విడదీయడానికి పోల్చి చూసుకునేది ఏదీ మిగల్లేదు. విచారణ అధికారి అడిగినప్పుడు ప్లాట్‌ఫామ్ కంపెనీ నుంచి వచ్చిన కొత్త ఇంజనీరు అదే చెప్పాడు. అధికారి అది రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు కనకవల్లి పొద్దునపూట వీధులు తిరుగుతుంది. జ్ఞాపకం ఉన్నవాళ్ల పేర్లు ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకుంది, ఆరు వందల పన్నెండు. ఒక్కొక్క గుమ్మం ముందు ఆగి, మీకు ఏ మందు పడదో ఒక చీటీ మీద రాసి మెడలో కట్టుకోండి, ఆసుపత్రికి పోతే ముందు నోటితో చెప్పండి, కంప్యూటరును నమ్మొద్దు అని చెబుతుంది. కొందరు కాఫీ ఇచ్చి వింటారు. కొందరు ఆమెకు మతి చలించిందనుకుంటారు. లూర్దుమేరి చేపల గంప దింపి, రేవు వీధుల్లో ఆమెకు తోడు తిరుగుతుంది.

పుస్తకంలో ఉన్నవాళ్లంతా తొండియార్‌పేట వాళ్లే. ఇరవై ఆరేళ్లు ఆ కిటికీలోంచి చూసిన ముఖాలు. ఒక్క చేపల లూర్దు రాయపురం మనిషైనా, మొదటి కాన్పు నుంచీ ఈ కిటికీకే వచ్చేది. రాయపురంలో, పురసవాక్కంలో కలిసిపోయినవాళ్లను కనకవల్లి ఎన్నడూ చూడలేదు. వాళ్ల పేర్లు కూడా తెలియవు. తమ వివరాల కింద ఆమె పేరుందని వాళ్లకూ తెలియదు. వాళ్లలో ఎవరో ఒకరు ఈపాటికి ఆసుపత్రి వరసలో నిలబడి, తమ పేరు పిలిచేదాకా ఎదురుచూస్తూ ఉండొచ్చు.